రాజీలో పెట్టిన కడుపు

“నా కడుపును మీ రాజీలో పెట్టేదానికి మీరెవురు? నన్నడిగినారా? ఒక్కరన్నా, ఒక్క మాటన్నా అడిగినారా?”

అరుణకుమారి చేతిలోని చెంబును విసిరికొట్టింది. అది గడపకు తగిలి, నీళ్లు చిమ్ముకుంటూ దొర్లి, వాళ్ల నాయన దాసయ్య కాళ్ల దగ్గర ఆగింది.

అంతవరకూ ఆ పొద్దు అన్ని పొద్దుల మాదిరే తెల్లవారింది. జమ్మలమడుగు చర్చి వీధిలో పాలవాడు వచ్చిపోయాడు. తల్లి సంతోషమ్మ వాకిలి చిమ్మి, బొరుగుల ఉగ్గానికి తాలింపు పెడుతోంది. భార్యను ప్రొద్దుటూరుకు తీసుకుపోదామని వచ్చిన అల్లుడు ఇమ్మానుయేలు వీధిలో తన ఆటో అద్దం తుడుచుకుంటున్నాడు. అప్పుడొచ్చాడు పార్టీ మనిషి జమాల్. వచ్చి అరుగు మీద కూర్చొని, టీ అడిగి, రెండు ముక్కల్లో చెప్పేశాడు.

“ఆదివారం రాజీ సభ, సోమవారం పాప ఆపరేషను. రెండూ మన లీడరన్న ఖాయం చేసినాడు దాసప్పా. నర్సింగ్‌హోమ్ డాక్టరు మన పార్టీనే. గర్భసంచి తీసేస్తే ఇంగ నొప్పికి కాపురముండేదానికి ఇల్లే ఉండదు!” అని తన మాటకు తానే నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలో వచ్చి పడింది చెంబు.

“ఏమ్మే, మనిషికి తగిలింటే?” అన్నాడు దాసయ్య.

“తగలాలనే ఏసినా.”

ఎందుకు వేసిందో తెలియాలంటే వాళ్ల కక్ష సంగతి తెలియాలి. దాసయ్యది పెద్దముడియం దగ్గరి పల్లె; జమ్మలమడుగుకు వచ్చింది తర్వాత. ఒక నాయకుని వెనక కొడవలి పట్టుకుని తిరిగాడు. అదే పల్లెలోని వెంకటయ్య ఇంకో నాయకుని వెనక తిరిగాడు. ఇద్దరూ ఒకే చర్చిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. కక్షలు ముదిరాక ఒకడు కుడిపక్క బెంచీలకు, ఒకడు ఎడమపక్క బెంచీలకు పోయారు. పాస్టరు ప్రభువు బల్ల రొట్టెను కూడా రెండు విడతలుగా ఇవ్వాల్సి వచ్చింది. నాయకుల పిల్లలు బెంగళూరులో చదువుకున్నారు. వీళ్ల పిల్లలు మంచాల కింద దాక్కున్నారు.

అరుణ సమర్తాడిన పొద్దే వెంకటయ్య మనుషులు దాసయ్య ఇంటి మీద నాటుబాంబులు వేశారు. గోడ కూలింది. మూలన చాప మీద కూర్చున్న పిల్ల కడుపు పట్టుకుని కేక పెట్టింది. ఆ కేక మళ్లీ నెలకొచ్చింది, ఆ పై నెలకూ వచ్చింది. “జడుపు తగిలింది. వెంకటయ్యగాని బాంబుకు నా బిడ్డ కడుపు జడుసుకుంది” అన్నాడు దాసయ్య. ఊరంతా అదే అంది. దర్గాలో తాయెత్తు కట్టించారు. పాస్టరుతో తలకు నూనె రాయించి ప్రార్థన చేయించారు. పెళ్లయితే పోతుందన్నారు. పెళ్లయింది, పోలేదు. బిడ్డ పుడితే పోతుందన్నారు. బిడ్డే పుట్టలేదు. ఒక్కరూ ఆ పిల్లను సరైన డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. ఎందుకు తీసుకుపోతారు? జబ్బు ఎవడు చేశాడో వాళ్లకు ముందే తెలుసు కదా!

ఇప్పుడు ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలో చేరి ఒకే బండిలో తిరుగుతున్నారు. కింద ఉన్నవాళ్లు కూడా కౌగిలించుకోవాలని హుకుం వచ్చింది. దాసయ్య ఒప్పుకోలేదు. “నా బిడ్డ కడుపుకు జవాబేంది?” అని అడ్డం తిరిగాడు. అప్పుడు నాయకుడు దారి చూపించాడు. వెంకటయ్య తప్పు ఒప్పుకుని, తానే దగ్గరుండి అరుణకు ఆపరేషను చేయిస్తాడు. దాసయ్య స్టేజీ ఎక్కుతాడు. చెల్లుకు చెల్లు.

“నీ కోసమే గదమ్మే ఇన్నేండ్లు ఈ కక్ష మోసినా!” అన్నాడు దాసయ్య.

“కక్షను మోసినావు నాయనా. నన్ను ఆస్పత్రికి మోసింటే సరిపోయేది.”

ఆటో దగ్గరి నుంచి ఇమ్మానుయేలు మెల్లగా వచ్చాడు. “అరుణా, మామను అనొద్దు. నేనూ ఒప్పుకున్యా. పిల్లలు గాని సంచి ఉంటే ఏమి, పోతే ఏమి అంటాంది మాయమ్మ. నాకైతే నువ్వు అరుస్తాంటే సూడలేక...”

“సూడలేనోడు కండ్లు మూసుకుంటాడు గానీ పెండ్లాం కడుపు కోపిస్తాడా?”

ఇమ్మానుయేలు చేతిలోని తుడిచే గుడ్డను మడిచాడు, మళ్లీ విప్పాడు. జమాల్ గొంతు సవరించుకున్నాడు. “అన్న బాధపడతాడు పాపా. అంత పెద్దాయన నీ గురించి అన్నం తినేది ఇడిసిపెట్టి ఫోన్ చేసినాడు.”

“మీ అన్నకు దగ్గొస్తే బెంగళూరు పోతాడు, తుమ్మొస్తే హైదరాబాదు పోతాడు. మాకు మాత్రం ఆయన మనిషి చేతిలో కత్తి! సోమవారం నాతో పాటు ఆయన పెండ్లాన్ని గూడా పండుకోబెట్టమను. అప్పుడొస్తా.”

“తప్పు మాట!” అని జమాల్ లేచాడు గానీ టీ గ్లాసు ఇంకా నిండుగా ఉండడంతో మళ్లీ కూర్చున్నాడు.

“సంచి తీస్తే ఈ నొప్పి పోతాదని ఎవురు చెప్పినారు మీకు?” అంది అరుణ. “నేను కడపకు పోయొచ్చినా. డాక్టరమ్మను అడిగొచ్చినా.”

“ఎప్పుడు? ఎవురితో?” అన్నాడు దాసయ్య.

అరుణ పోయి ఆ చెంబు ఎత్తి గోడ పక్కన పెట్టింది.

పోయిన నెల ప్రొద్దుటూరులో బట్టలంగడి వెనక గదిలో జాకెట్లు కుడుతూ మిషను మీదే పడిపోయింది. అంగడి శేషమ్మ తన మేనకోడలిని చూసే కడప డాక్టరమ్మ దగ్గరికి పొమ్మంది. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసింది, స్కానింగు చూసింది. నొప్పి ఎప్పటి నుంచి, ఎక్కడ, విరోచనానికి పోతే కూడా వస్తుందా, భర్తతో కలిస్తే వస్తుందా అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆమే. అడుగుతుంటేనే అరుణకు ఏడుపొచ్చింది.

“దీని పేరు ఎండోమెట్రియోసిస్” అంది డాక్టరమ్మ. “గర్భసంచి లోపల నెలనెలా పెరిగి రాలిపోయే పొర ఉంటుంది. అట్లాంటి పొరే సంచి బయట మొలుస్తుంది. అండాశయాల మీద, పేగుల మీద, ఎక్కడంటే అక్కడ. నెలనెలా అదీ రగులుతుంది. బయటికి పోవడానికి దానికి దారి లేదు. చుట్టూ వాచి, మచ్చలు కట్టి, పేగూ సంచీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పది మంది ఆడవాళ్లలో ఒకరికి ఉంటుందని లెక్క.”

కొడవలి పట్టినవాని ఇంట్లో పుట్టిన పిల్ల అరుణ. ఆమె నోట్లో నుంచి ఒకటే మాట వచ్చింది. “ఎవురు చేసినారు మేడమ్? పేరు చెప్పండి.”

డాక్టరమ్మ నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది. “పేరు మాకే ఇంకా దొరకలేదమ్మా. ప్రపంచమంతా వెతుకుతున్నారు. అనుమానాలు మాత్రం ఉన్నాయి. నెలసరి రక్తం కొంత వెనక్కి, కడుపులోకి పోతుంది. అది చాలామంది ఆడవాళ్లకు జరిగేదే. మరి కొందరికే ఎందుకు అంటుకుంటుంది? వంశంలో వచ్చే జన్యువుల పాత్ర ఉంది. వేలాది ఆడవాళ్ల రక్తాలు పరీక్షించి, ఏ జన్యువులు కారణమో పోల్చుకుంటున్నారు. ఒంట్లో కాపలా కాసే కణాలు చెత్తను ఊడ్చకుండా వదిలేస్తున్నాయని ఒక అనుమానం. ఏదో సూక్ష్మజీవి ఎగదోస్తోందేమోనని జపాన్‌లో చూశారు, ఎలుకల మీద మందు పనిచేసిందన్నారు. మనుషుల్లో ఇంకా తేలలేదు. కోయకుండా రక్తంతోనో, ఉమ్మితోనో కనిపెట్టే పరీక్షల కోసం కూడా ప్రయత్నిస్తున్నారు.”

“జడుపు?”

“భయపడితే నొప్పి ఎక్కువ అనిపించొచ్చు. జబ్బు మాత్రం బాంబుతో రాదు.”

సంచి తీసేస్తే పోతుందా అని కూడా అడిగింది. “కొందరికి ఆఖరి దారిగా అది అవసరం పడొచ్చు. కానీ జబ్బు సంచి బయట ఉంది. దాన్ని అట్లే ఉంచి సంచి ఒక్కటే తీస్తే నొప్పి మిగిలిపోవచ్చు. ముందు హార్మోను మాత్రలు వేసి చూద్దాం. తగ్గకపోతే కెమెరాతో లోపలికి పోయి, మొలిచిన చోటల్లా గీకి తీద్దాం. పూర్తిగా నయమవుతుందని అబద్ధం చెప్పను. బిడ్డ పుట్టే అవకాశం మాత్రం ఇప్పుడే మూసెయ్యొద్దు.”

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంటే పక్కన ఒకామె కడుపుకు చున్నీ బిగించి కట్టుకుని, వంగి ఉంది. తలెత్తింది. వెంకటయ్య కూతురు సలోమి. పులివెందులకు ఇచ్చారు.

“నువ్వు దాసయ్య మామ కూతురివి గదా?” అంది సలోమి. “మీ నాయన ఏసిన బాంబుకే నాకీ గతి పట్టింది. జడుపు.”

అరుణ నోరు తెరుచుకుంది. “మా నాయన బాంబా? మీ నాయన బాంబుకు నాకు పట్టింది!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు సలోమి నవ్వింది. నవ్వితే కడుపులో పొడిచి, అబ్బా అని మళ్లీ వంగింది. అరుణ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చారు. నర్సు వచ్చి “అక్కాచెల్లెండ్లా?” అని అడిగితే, అవునన్నారు.

*

“సలోమితో పోయినా” అంది అరుణ ఇప్పుడు, వాళ్ల నాయన ముఖంలోకి చూస్తూ. “మొదటి తూరి ఆడ కలిసినాం. రెండో తూరి కలిసే పోయినాం.”

దాసయ్య నిలువునా లేచాడు. “వెంకటయ్య కూతురితోనా! నా నెత్తురు తాగినోని కూతురితోనా!”

“ఆదివారం నువ్వు వాన్ని కౌగిలించుకోవచ్చు, నేను వాళ్ల బిడ్డ పక్కన బెంచీ మీద కూర్చోగూడదా?”

అంతలోనే వీధిలో బండి ఆగింది. వెంకటయ్య దిగాడు. తెల్ల పంచె, భుజాన పార్టీ కండువా, చేతిలో అరటిపండ్ల గెల. వెనక సలోమి. రాజీ సభకు ముందు ఇంటికొచ్చి నీళ్లు తాగి పోవాలని జమాలే ఏర్పాటు చేశాడు. సోమవారం ఆస్పత్రికి తోడుగా సలోమిని పంపుతామని మాట. అదే నర్సింగ్‌హోములో ఆమె అంతకుముందే సంచి తీయించుకుంది కదా, దారి తెలిసిన మనిషి!

“దాసప్పా” అన్నాడు వెంకటయ్య గడప బయటే నిలబడి. “అయ్యిందేదో అయ్యింది. నా బాంబు నీ బిడ్డకు తగిలింది. ఒప్పుకుంటాండా. నీ బాంబు నా బిడ్డకు తగిలింది. నువ్వూ ఒప్పుకో.”

“నేనేసింది నీ గడ్డివాము మీద!”

“గడ్డివాము పక్కన నా బిడ్డ ఉండె!”

“ముందు ఏసిందెవుడు?”

“ముందు నరికిందెవుడు?”

“అప్పా, అప్పా” అని జమాల్ ఇద్దరి మధ్యకు దూరాడు. “కౌగిలించుకునే మనుషులు కరుసుకుంటారా? ఫొటోగ్రాఫరును గూడా మాట్లాడినా ఆదివారానికి!”

సలోమి గడప దాటి లోపలికొచ్చింది. ఎవరూ రమ్మనలేదు. వచ్చి అరుణ పక్కన నిలబడి, “నాయనా, నాకింకా నొప్పి పోల్యా” అంది.

వెంకటయ్య తిరిగి చూశాడు. “ఏంది?”

“సంచి తీసినాక గూడా పోల్యా. మేకు దిగ్గొట్టినట్టు అదే చోట, అదే నొప్పి. పులివెందుల్లో మా ఇంట్లో బోకులు తోముతా తోముతా కొంగు కరుసుకుంటా.”

“నాకెందుకు చెప్పల్యా తల్లీ?”

“సంచి తీసినాక నొప్పి ఉండాదంటే నాటకమంటారు. నీకు చెప్తే ఏం జేస్తావు? కొడవలి తీసుకోని దాసయ్య మామ ఇంటి మీదికి పోతావు. మందు తెస్తావా?”

వెంకటయ్య చేతిలోని గెల జారి కింద పడింది. ఎవరూ ఎత్తలేదు. దాసయ్య మాత్రం ఇంకా లోపల కాలుతూనే ఉన్నాడు. “జడుపు లోతుగా దిగిందప్పా అయితే. ఇద్దరికీ దిగింది. బాంబు బాంబే...”

“నాకు బాంబేసినోడు ఎవుడు?”

ఆ మాట వంటింటి గడప నుంచి వచ్చింది. సంతోషమ్మ నిలబడి ఉంది, చేతిలో గరిటె. ఆ ఇంట్లో మగవాళ్లు మాట్లాడుతుండగా ఆమె నోరెత్తడం అరుణ పుట్టి ఎరగదు.

“చెప్పండి, ఇద్దరూ ఉండారు గదా. నాకు బాంబేసినోడు ఎవుడు? నాకు ఈ నొప్పి పెండ్లి గాకముందు నుంచే ఉండాది. ఈ వెంకటయ్య అప్పటికి బాంబు సుట్టేది నేర్సుకోల్యా. నువ్వు కొడవలి ముట్టల్యా. మా పుట్టినూర్లో కిస్మసుకు టపాకాయ గూడా కాల్చేటోళ్లు గాదు. నాకు జడుపు యాన్నుంచి తగిలింది?”

దాసయ్య భార్య వైపు తిరిగాడు.

“నువ్వు... నాకు ఎప్పుడూ చెప్పల్యా.”

“చెప్పినా. నీ మనుషులకు ఆ పొద్దు సంగటి చేయలేదని తన్నినావే, అప్పుడే చెప్పినా. కడుపు పట్టుకోని నాటకాలాడొద్దన్యావు. ఇంగ చెప్పల్యా. అరుణ ఒక్కతి పుట్టింది. ఆ మీద కడుపు రాల్యా. అది గూడా నా పాపమే అన్యావు.”

ఆమె గరిటె పక్కన పెట్టింది. కూతురి వైపు తిరిగింది. “నీకు వచ్చినప్పుడు నాకు తెలుసు మే. చూస్తానే తెలిసింది, ఇది నా నొప్పే అని. నా కడుపులోనుంచి నీకు వచ్చిందంటే మీ నాయన నన్ను బతకనిస్తాడా? అందుకే నేను గూడా జడుపే అన్యా. బాంబు మీద తోసేసినా.”

నాయన మీద కోపానికి అలవాటు పడిన మనిషే అరుణ. అమ్మ మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాయెత్తు కట్టిన చెయ్యి అది. “ఓర్సుకో మే, ఆడపుట్టుక” అన్న నోరు అది. ఆ నోటికే అంతా తెలుసు! చెంబు చేతిలో ఉంటే ఈసారి ఎవరికి తగిలేదో.

కానీ సంతోషమ్మ ఎప్పుడో వంగిపోయిన నడుముతో నిలబడి ఉంది. వయసుకు వంగిన నడుము అనుకునేది అరుణ. ఇప్పుడు తెలిసింది అది దేనికి వంగిందో. పోయి అమ్మ భుజాలు పట్టుకుంది. గట్టిగా, కొట్టినట్టే పట్టుకుంది. “ఎందుకమ్మా...” అని మాత్రం అనగలిగింది. తల్లి కూతురి మెడ మీద తల వాల్చి, ఇన్నేళ్లు కొంగులో కరిచి పెట్టిన ఏడుపంతా ఒక్కసారి ఏడ్చింది.

దాసయ్య గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు. ఎదుటివాని కత్తికి బొటనవేలు పోగొట్టుకున్న చేతిని మోకాలి మీద బోర్లించుకున్నాడు. “కూర్చునేటప్పుడు ఎప్పుడూ కడుపు పట్టుకోనే కూర్చుంటాదప్పా” అన్నాడు ఎవరితోనో. వెంకటయ్యతోనే. “ఇన్నేండ్లు సూసినా. దాని అలవాటు అనుకున్యా.” ఆయన కండ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. వెంకటయ్య కండువా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రెండు బెంచీల వరసలు ఆ ఇంటి నేల మీద ఒకటయ్యాయి.

జమాల్ చిన్నగా గొణిగాడు. “మరి... ఆదివారం సభ?”

“జరుగుతాది” అంది అరుణ, కండ్లు తుడుచుకుని. “కక్ష పోయిందనుకోవద్దు జమాలన్నా. నేనూ ఈ సీమ బిడ్డనే, నాకూ కక్ష తీరాల. నరుకుదామంటే నా కడుపులో పెరిగినదానికి తలకాయ లేదు. అది ఎట్ల పుట్టిందో పెద్ద పెద్ద డాక్టర్లే ఎతుకుతాండారు. కానీ మమ్మల్ని ఇన్నేండ్లు నోర్మూసి కూర్చోబెట్టినోళ్లకు తలకాయలుండాయి, పేర్లుండాయి. కొందరు ఈ ఇంట్లోనే ఉండారు. మీరు కౌగిలించుకునే స్టేజీ మీద మైకు మాకియ్యాల. నాకూ, సలోమికీ, మాయమ్మకూ. ఏం జరిగిందో మేం చెప్తాం. కెమెరాతో చూసే డాక్టరు మన సర్కారాస్పత్రికి రావాలంటాం. జబ్బు ఏందో తేల్చకుండా ఏ ఆడదాని సంచీ తీయగూడదంటాం. మీ అన్న ఒప్పుకుంటే ఓటు, లేదంటే ఊరూరా ఆడోళ్లందరికీ ఈ కథ చెప్తాం.”

ఇమ్మానుయేలు ఎప్పుడు పోయాడో, వీధిలో ఆటో తిప్పి పెట్టాడు. ముందు చక్రం బస్టాండు వైపు ఉంది. “కడప బస్సుకు టైముండాది” అన్నాడు తల వంచుకుని. “అత్తమ్మ గూడా వస్తాదా? ముగ్గురూ పడతారు.”

“వస్తాది. రక్తం ఇస్తాది. తల్లికి ఉంటే బిడ్డకు ఎందుకొస్తాదో ఎతికేవాళ్లకు పనికొస్తాదేమో, ఆ డాక్టరమ్మను అడుగుతా. నువ్వు గూడా లోపలికి రావాల. బయట ఆటోలో కూర్చుంటే కుదరదు. నా నొప్పి ఏందో నీ చెవులతో ఇను, మల్ల పోయి మీయమ్మకు చెప్పు.”

అని నాయన వైపు తిరిగింది. దాసయ్య తలెత్తాడు. క్షమాపణ అడగబోతున్నాడని ఆమెకు తెలుసు. ఆ మాట ఇప్పుడు తనకు వద్దు.

“ఏడిసింది చాలు, లేయి నాయనా. ఫోన్ తియ్యి. మీ అన్నకు చెయ్యి. అందరికీ ఇనపడేటట్టు పెట్టు. నా బిడ్డ కడుపును నీ రాజీలోనుంచి తీసెయ్యి అని చెప్పు. ఇప్పుడే చెప్పు.”